తొడిమలు తీసే చోట

మూడు రాత్రుల కూటాలకి
నేను వేసిన లెక్క డైరీలో ఇంకా ఉంది.
కుర్చీలు మూడొందలు, షామియానా, ఆరు స్పీకర్లు,
జనరేటర్లు రెండు, ఒకటి ఆగితే ఇంకోటి.
ఏటుకూరు రోడ్డు పొడుగునా
నా ఫొటోతో పద్నాలుగు ఫ్లెక్సీలు.
అన్నిటికంటే అడుగున, చిన్న అక్షరాల్లో, ప్రార్థన.
దాని ఎదురుగా అంకె లేదు.
ఖర్చు లేనిదాన్ని ఏ గడిలో వేయాలో తెలీక వదిలేశాను.

మార్చి నెల. యార్డులో తేజ రకం దిగింది.
ఆ రోజుల్లో గుంటూరులో గాలిని ఎవరూ నమ్మరు.
ఒక లారీ పట్టా విప్పితే చాలు
వీధి వీధంతా తుమ్ముతుంది.

మొదటి రాత్రి బాగానే అరిచాను.
అరిచాననే అనాలి.
జనం ఆమెన్ అన్నకొద్దీ ఇంకా గట్టిగా అరిచి,
ఇంటికెళ్ళి ఉప్పునీళ్ళు పుక్కిలించి,
ఎంతమంది వచ్చారని
మా బావమరిదిని రెండుసార్లు అడిగాను.

తెల్లారేసరికి గొంతు లేదు.
తగ్గడం కాదు, లేదు.
కాఫీ అడగబోతే
తలుపు కింది సందులోంచి గాలి వచ్చినట్టు ఏదో వచ్చింది.
మిరియాలు, తేనె, కరక్కాయ, ఒక ఇంజెక్షను.
సాయంత్రం కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డుకి వెళ్ళాను,
తొడిమలు తీసే ఆడవాళ్ళని కూటానికి పిలుద్దామని.
పిలవడానికి గొంతు కావాలని
గడప దాకా వెళ్ళాక గాని గుర్తురాలేదు.

ఎర్రటి గుట్టల మధ్య నలభై మంది,
ముక్కులకి పాత చీర ముక్కలు.
వజ్రమ్మ నా సైగలు కాసేపు చూసి
"అయ్యగారి గొంతు పోయిందే" అంది.
నవ్వింది కూడా.
జారిన కొంగు మోచేత్తో నెట్టుకుని లేచింది.

తలమీద చేయి వేస్తుందని వంగాను.
వేయలేదు.
"తగిలితే మండుద్దయ్యా. కడిగినా పోదు."
రెండు చేతులూ ఒంటికి దూరంగా పట్టుకుని
కళ్ళు మూసుకుంది.

ఆ చేతులతో పొద్దుటి నుంచీ ఆమె
తల గోక్కోలేదు, ముక్కు తుడుచుకోలేదు.
మనవరాలు ఏడిస్తే ఎత్తుకోలేక
ఊయల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని ఊపింది.

"నాయనా, ఈ చేతులు దేన్ని ముట్టినా మంటే.
నువ్వే చూసుకో."
అంతే ప్రార్థన.
కళ్ళ వెంట నీళ్ళు,
ఘాటుకో, దేనికో, నేను అడగలేదు.
తుడుచుకునే వీల్లేని మనిషి
మొహం పైకెత్తి అలాగే నిలబడింది,
తుడిచేవాడు బయల్దేరాడని కబురు అందినట్టు.

నా చేతులు చూసుకున్నాను.
శుభ్రంగా ఉన్నాయి. ఉంగరం, గడియారం,
మైకు పట్టుకునే చోట చిన్న కాయ.
ఇరవై రెండేళ్ళుగా వీటితో
ఎందరి కళ్ళు తుడవబోయి
ఎన్ని కళ్ళలో కారం కొట్టానో.

ఆ రాత్రి గొంతు వచ్చిందా అని అందరూ అడుగుతారు.
రాలేదు. మూడో రాత్రీ రాలేదు.
జనరేటర్లు రెండూ నిక్షేపంగా తిరిగాయి.
వజ్రమ్మ మైకు ముట్టుకోనంది, మళ్ళీ అదే మాట, మండుద్దని.
ఎవరో కుర్రాడు ఆమె నోటి దగ్గర పట్టాడు.
చదువు రాదు.
పేతురు అనాల్సిన చోట పౌలు అంది.
సరిదిద్దడానికి నా దగ్గర గొంతు లేదు,
దేవుడికి స్తోత్రం.

వెనక టిక్కీల మీద కూర్చున్న హమాలీ ఒకడు
చుట్ట ఆర్పి, మిగిలిన ముక్క చెవి మీద పెట్టుకుని,
మెల్లగా ముందుకొచ్చి నేలమీద కూలబడ్డాడు.
కుర్చీ ఖాళీగానే ఉంది పక్కన.
ఆ రాత్రి ఎంతమంది వచ్చారని
నేను ఎవర్నీ అడగలేదు.

ఇప్పుడు గొంతు సగం వచ్చింది.
ప్రసంగానికి లేచే ముందు
చేతులు కాస్త ఒంటికి దూరంగా పట్టుకుంటాను.
తడి అనుకుని
మా ఆవిడ తువ్వాలు అందిస్తుంది.